పేరు దాచాం, గొంతు దాచలేకపోయాం: మునుగోడు వైపు ఊళ్లలో ఒక ఆడవాళ్ల రేడియో కేసు

2022 జూన్‌లో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. ఎత్తితే అవతల మాట లేదు, ముక్కు ఎగబీల్చిన చప్పుడు తప్ప. కాసేపటికి ఒక్క మాట వచ్చింది: "అక్కా, గది నేనేనని ఊరంత తెల్సిపోయింది."

మా రేడియో కార్యక్రమంలో మేం ఆమె పేరు చెప్పలేదు. ఊరు చెప్పలేదు. వయసు కూడా రెండేళ్లు మార్చాం. మొత్తం ఎపిసోడ్‌లో ఆమె మాట్లాడింది మూడు నిమిషాలు. అందులోంచి నలభై సెకన్లు ఎవరో కత్తిరించి ఊరి కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపులో వేశారు. కింద నవ్వు బొమ్మలు. మూడొందల గడప లేని ఊరు అది. చీకట్లో ఎవరు దగ్గినా ఫలానా వాళ్లని చెప్పేసే చోట పేరు దాచి ఏం లాభం?

మేం చేసిన పని మొత్తం ఇక్కడ రాస్తున్నా, మరచిపోకుండా ఉండాల్సింది మాత్రం ఆ ఫోనే. ఇలాంటి పనికి దిగుతున్న వాళ్లు ఈ మధ్య చాలామంది కనిపిస్తున్నారు. చేతిలో ఫోన్, చెవిలో ఇయర్‌ఫోన్, 'ఆడవాళ్ల గొంతు వినిపిస్తాం' అనే ఉత్సాహం. మాకూ అంతే ఉత్సాహం ఉండేది. ఇంకో సంగతి, ఇందులో మనుషుల్ని గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఏవి మార్చానో చెప్పను.

మా రేడియో ఎలాంటిది

రేడియో అని పిలుచుకున్నాం గానీ మాకు టవర్ లేదు, లైసెన్స్ లేదు. కమ్యూనిటీ రేడియో 2002 విధానంలో విద్యాసంస్థలకే ఉండేది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ దారి తెరిచారు. 50 వాట్ల ట్రాన్స్‌మిటర్, చుట్టూ పది పదిహేను కిలోమీటర్లు. మన దగ్గర ఆ దారిలో ముందు నడిచింది జహీరాబాద్ దగ్గర మాచునూరులోని సంఘం రేడియో. 2008 అక్టోబర్ 15న మొదలైంది. నడిపేది దళిత మహిళలు, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల వాళ్లు. లైసెన్స్ రాకముందు దాదాపు పదేళ్లపాటు వాళ్లు కార్యక్రమాలు తయారుచేసి, రికార్డు చేసి సంఘాల్లో కూర్చుని వినిపించుకున్నారు. మేం పట్టుకున్నది ఆ పాత పద్ధతినే.

నల్గొండ జిల్లా మునుగోడు, చండూరు, మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో కొన్ని ఊళ్లు, కొన్ని తండాలు. వారానికో అరగంట కార్యక్రమం. మహిళా సంఘం మీటింగులో పొదుపు డబ్బు లెక్క అయిపోయి, లెక్కలు రాసే వీవోఏ (గ్రామ సంఘం సహాయకురాలు) పుస్తకాలు మూసేశాక ఒక బ్లూటూత్ స్పీకర్ మధ్యలో పెట్టి వినిపించేవాళ్లం. మీటింగుకు రాలేనివాళ్ల కోసమని అదే ఫైలు వాట్సాప్‌లో కూడా పంపేవాళ్లం. ఈ 'కూడా' దగ్గరే మేం దెబ్బతిన్నాం.

మేం ముగ్గురం. నేను కొన్నేళ్లు ఆకాశవాణిలో క్యాజువల్ అనౌన్సర్‌గా చేసినదాన్ని. రెండో మనిషి రిటైరైన ఏఎన్‌ఎం అక్క, ఆ మండలాల్లో ఆమె టీకా వెయ్యని పిల్లలు లేరు. మూడో మనిషి దేవరకొండలో డిగ్రీ చదివిన తండా పిల్ల. ఎడిటింగ్ అంతా ఆమెదే. స్టూడియో అంటే అంగన్‌వాడీ వెనక రేకుల గది. వాన పడితే రికార్డింగ్ బంద్. గోడలకు బొంతలు కట్టాం. అయినా సరిగ్గా ఎవరైనా కన్నీళ్లు పెట్టుకునే సమయానికి సందులోకి ఆటో వచ్చేది, మైకులో "ఉల్లిగడ్డా, ఎల్లిగడ్డా" అంటూ. మొదట్లో ఆ చప్పుడు కోసేసేవాళ్లం. తర్వాత ఉంచేయడం నేర్చుకున్నాం. వినేవాళ్లకు అది తమ సందే అని తెలిసేది.

మూడు విషయాలు పెట్టుకున్నాం: ఆడవాళ్ల ఆరోగ్యం, ఆడవాళ్ల కొట్లాట, యుద్ధం. మొదటి రెండూ సరే, ఈ ఊళ్లలో యుద్ధం ఏంటని చాలామంది అడిగారు. ఆ ఆలోచన నాకు బయట నుంచే వచ్చింది. 1986లో అమెరికాలో వింగ్స్ అనే మహిళా వార్తా సేవ మొదలైంది. 1991 మే 1న కోస్టారికా నుంచి ఫైర్ అనే స్త్రీవాద రేడియో షార్ట్‌వేవ్‌లో ప్రసారాలు మొదలుపెట్టింది. ఉద్యమాలు, ఒంటి సంగతులు, యుద్ధాలు వాళ్ల దగ్గర వేరువేరు డబ్బాల్లో ఉండవు. ఆడమనిషికి జరిగేది మూడింట్లోనూ ఒకటే అన్నట్టు ఒకదాని పక్కన ఒకటి పెడతారు. అది నాకు బాగా నచ్చింది. నచ్చినప్పుడు నేను గమనించనిది ఒకటుంది. షార్ట్‌వేవ్‌లో మాట్లాడిన మనిషి ఎవరో, సముద్రం అవతల వినేవాడికి తెలియదు. మా ఎపిసోడ్ వినేది మాట్లాడిన మనిషి తోడికోడలు.

డాక్టరమ్మ ఎపిసోడ్

ఆరోగ్యం మీద మొదటి కార్యక్రమం ఒక డాక్టరమ్మతో చేశాం. మంచి మనిషి, ఓపిగ్గా మాట్లాడింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21 నాటి లెక్క ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని చెప్పింది. ఐరన్ మాత్రలు, ఆకుకూరలు, బెల్లం. స్పీకర్ దగ్గర కూర్చున్న ఒకావిడ పక్కామెతో అన్నది: "గది మనకు తెల్వదా ఏంది, వాటర్ ట్యాంకు మెట్లెక్కితే తెలుస్తలేదా." నవ్వుకున్నారు. కార్యక్రమం ఇంకా అవుతుండగానే పొదుపు పుస్తకాలు సంచుల్లో పెట్టుకుని లేచారు.

అదే రోజు బయట చెప్పులు వేసుకుంటూ ఇద్దరు మాట్లాడుకుంటున్నది మా ఎడిటర్ పిల్ల విన్నది. "నీది తీసి ఎన్నేండ్లాయె?" "బతుకమ్మకు నాలుగు." ఏం తీశారో చెప్పక్కర్లేదు. గర్భసంచి.

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది, డాక్టరమ్మ చెప్పనిది, మేమూ అడగనిది. ఆ వయసు ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే తెలంగాణలో ఎనిమిది మంది. ఆంధ్రలో ఇంకాస్త ఎక్కువ. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. ఎందుకిన్ని? ఇరవై రెండు, ఇరవై నాలుగేళ్లకే పిల్లలు కాకుండా ఆపరేషన్ అయిపోతుంది. ఆ తర్వాత గర్భసంచితో 'పని లేదు' అనుకుంటారు, ఆమె, ఇంట్లోవాళ్లు, డాక్టరు, అందరూ. తెల్లబట్ట అయినా, ముట్టు ఎక్కువైనా, నడుం నొప్పి వచ్చినా మందులతో చూద్దామనేవాళ్లు తక్కువ. 'ఉంచితే క్యాన్సర్ అయితది' అనే మాట ఒకటి చాలు. అనవసరంగా గర్భసంచులు తీసేయడంపై కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్ని మూడు నెలల్లో అమలు చేయమని రాష్ట్రాలకు చెప్పింది. మేం పని మొదలుపెట్టినప్పుడు ఆ తీర్పు ఇంకా రాలేదు.

ఆ నలభై సెకన్లు

ఫోన్ చేసిన ఆమె గురించి. ఇరవై నాలుగుకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, ముప్పై ఒకటికి గర్భసంచి తీసే పెద్దాపరేషన్. తెల్లబట్ట, నడుం నొప్పి అని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే, ఆయనే బండి మీద పట్నం తీసుకుపోయి స్కానింగ్ చేయించాడు. నలభై వేలు మిత్తికి తెచ్చారు. ఆపరేషన్ అయ్యాక నడుం నొప్పి పోలేదు, పైగా ఒళ్లంతా సెగలు, రాత్రి చెమటలు, మోకాళ్లు పట్టేయడం మొదలైంది. ఎవరిని అడిగినా "ఫ్లోరైడ్ నీళ్లు తాగినోళ్లం గదా" అన్నారట.

ఈ మాట దగ్గర కొంచెం ఆగాలి. నల్గొండలో ఏ నొప్పి వచ్చినా ముందు నీళ్ల మీదే అనుమానం. అందులో తప్పు లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ దాటితే ఎముకలకు చేటు, ఈ మండలాల్లో తరాలపాటు అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లే తాగారు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక కథ మారింది గానీ, ముప్పై ఏళ్లు తాగింది ఒంట్లోంచి పోదు. దాని మీద పత్తి ఏరడం, వంగి నాట్లేయడం. ఈ రెంటి మీద చిన్న వయసులోనే అండాశయాలు పోవడం. మూడు నొప్పులూ ఒకే నడుంలో కూర్చుంటాయి. ఏది ఏదో చెప్పడం డాక్టర్లకే కష్టం. కానీ 'ఫ్లోరైడ్' అనే ఒక్క మాట వల్ల మూడోదాని గురించి ఎవరూ అడగకుండా పోయింది.

ఆమె ఇదంతా నెమ్మదిగా చెప్పింది. చివర్లో మైకు ఆపబోతుంటే తనే మళ్లీ మొదలుపెట్టింది. భర్త దగ్గరికి రావడం మానేశాడని, "ఇంకేమున్నది నీల" అంటాడని. అది చెప్పి నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఎడిట్‌లో ఆ ముక్క ఉంచాలా వద్దా అని మా పిల్ల అడిగింది. నేనే ఉంచమన్నాను. గొప్ప ముక్క అనుకున్నాను. రేడియో చేసేవాళ్లకు ఉండే జబ్బు ఇది, ఎదుటి మనిషి గొంతు వణికితే మనకు లోపల ఏదో సంతోషం. ఆ నలభై సెకన్లే బయట తిరిగాయి.

మా దగ్గర ఆమె వేలిముద్ర ఉన్న కాగితం ఉంది. "నా పేరు, ఊరు చెప్పకుండా నా మాటలు వాడుకోవచ్చు." చట్టానికి అది సరిపోతుందేమో. ఆ కాగితం కాపాడింది మమ్మల్ని, ఆమెను కాదు.

ఫోన్ వచ్చిన మర్నాడు పొద్దున్నే పోయాం. అప్పటికే ఆమె తల్లిగారింటికి వెళ్లిపోయింది, పన్నెండు రోజులు అక్కడే ఉంది. మేం పంపిన గ్రూపుల్లో ఫైలు తీసేశాం. అంతవరకే మన చేతిలో ఉండేది, ఎవరి ఫోన్లో దిగింది వాళ్ల ఫోన్లో ఉండనే ఉంటుంది. ఊరి పెద్దమనిషి ఒకాయన పంచాయితీ పెట్టిద్దామన్నాడు, ఆ పిల్లగాడితో అందరి ముందు తప్పు ఒప్పిస్తానన్నాడు. ఒద్దన్నాం. పంచాయితీ పెడితే వినని వాళ్లు కూడా వింటారు. కత్తిరించింది పంతొమ్మిదేళ్ల కుర్రాడు. వాళ్లమ్మ సంఘం సభ్యురాలే, ఫోన్ ఆమెదే. ఆమె కొడుకుతో ఏం మాట్లాడిందో మాకు తెలియదు గానీ, రెండ్రోజుల్లో ఆ గ్రూపులో క్లిప్ పోయింది, ఆ కుర్రాడు హైదరాబాద్‌లో పనికి పోయాడు.

తర్వాతి మీటింగులో స్పీకర్ పెట్టలేదు. తప్పయిందని చెప్పి, ఇక ఆపేద్దామా అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక పెద్దావిడ అన్నది: "నువ్వు పేరు చెప్పమన్నవా ఒద్దన్నవా అని అడిగినవ్. మేం పేరొద్దన్నం. గొంతు ఒద్దనొచ్చని మాకెవ్వరు చెప్పిన్రు బిడ్డా?"

గొంతు దాచడం ఎలా

ఆపలేదు. కానీ మూడు నెలలు ఏ ఎపిసోడూ వదల్లేదు. ఆ మూడు నెలలు చేసిన ప్రయత్నాలు రాస్తాను, వేరేవాళ్లకు టైము కలిసొస్తుంది.

మొదట గొంతు మార్చే సాఫ్ట్‌వేర్. ఆడాసిటీలో గొంతు లావు చేసి వినిపించాం. ఆడవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు, పీఠం మీద స్వామీజీ లెక్క ఉన్నదని. అంతకంటే పెద్ద సమస్య వేరే ఉంది. గొంతు మారినా మాట మారదు. ఒకామె ప్రతి వాక్యానికి ముందు "అయినగానీ" అంటుంది. ఇంకొకామె ఊపిరి తీసుకునే తీరే వేరు. గొంతును ఎంత గిల్లినా ఆ ఊతపదాలు అలాగే ఉంటాయి.

తర్వాత వేరేవాళ్లతో చదివించాం. అచ్చంపేట వైపు మాకు తెలిసిన సంఘం వాళ్లు ఉన్నారు. మా వాళ్ల కథలు వాళ్లు, వాళ్ల కథలు మావాళ్లు చెప్పాలని ఒప్పందం. అక్షరం అక్షరం రాసిచ్చి చదవమంటే స్కూల్లో పాఠం చదివినట్టు చదివారు. రాసిచ్చుడు మానేసి, కథ ఫోన్లో వినిపించి "మీ మాటల్లో చెప్పుండ్రి" అంటే బాగా వచ్చింది. వినేవాళ్లు మొదటి వారం "గిది మన దిక్కు మాట కాదు" అన్నారు. రెండో వారం నుంచి యాసను వదిలి కథలోకి దిగారు.

అన్నిటికంటే బాగా కుదిరింది గుంపు పద్ధతి. ఐదుగురు ఆరుగురు చుట్టూ కూర్చుంటారు, మైకు మధ్యలో. ప్రశ్నలు వాళ్లే వేసుకుంటారు. ఎవరూ 'నేను' అనరు, 'మేము' అంటారు. ఒకరి ఆపరేషన్, ఇంకొకరి అప్పు, మరొకరి మొగుడు, అన్నీ కలిసి ఒకే మనిషి కథలా నడుస్తాయి. వాక్యం ఒకరు మొదలుపెడితే ఇంకొకరు పూర్తిచేస్తారు. నాట్లేసేటప్పుడు పాట ఎత్తుకున్నట్టే. విన్నవాళ్లకు ఆరుగురి గొంతులూ తెలుసు, ఏది ఎవరి బతుకో మాత్రం తెలియదు. ఇంకో నియమం ఏఎన్‌ఎం అక్క పెట్టింది, తను గదిలో ఉండనని. సర్కారు మనిషి ఉంటే నోరు తెరవరని ఆమెకు నలభై ఏళ్ల అనుభవం.

అలా కూర్చున్న ఒక మధ్యాహ్నం అసలు సంగతి బయటపడింది. "గర్భసంచి ఒక్కటే తీసిన్రా, గుడ్లసంచులు సుత తీసిన్రా?" అని ఒకామె అడిగింది. ఎవరికీ తెలియదు. ఏఎన్‌ఎం అక్కను పిలిచాం. ఇంటికి పోయి ఆసుపత్రి కాగితాలు తెచ్చుకోమన్నది. బీరువాల్లోంచి, బియ్యం డబ్బాల అడుగునుంచి, పాలిథిన్ కవర్లో మడిచిన కాగితాలు వచ్చాయి. ఒకరి కాగితం మీద పసుపు మరక, ఇంకొకరిది ఎలుక కొరికింది. డిశ్చార్జి కాగితంలో ఎక్కడ చూడాలో అక్క వేలుపెట్టి చూపించింది. టీఏహెచ్ అని ఉంటే పొట్ట కోసి గర్భసంచి మొత్తం తీసినట్టు. దాని పక్కన బీఎస్‌ఓ అని కూడా ఉంటే రెండు వైపులా అండాశయాలు, నాళాలు తీసినట్టు. అండాశయాలు పోతే ఏ వయసులోనైనా ముట్లుడిగే దశ ఒక్కసారిగా వచ్చి పడుతుంది. సెగలు, చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు త్వరగా గుల్లబారడం. అవి నీళ్ల నుంచి వచ్చినవి కావు.

ఆరుగురిలో చదవడం వచ్చినవాళ్లు ఇద్దరే. అయినా ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలు అందరూ గుర్తుపట్టారు. బీ, ఎస్, ఓ. ముగ్గురి కాగితాల్లో ఉంది. ఒకామె ఆ అక్షరాల మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. "గింత పెద్దది గింత చిన్నగ రాసిన్రా" అన్నది. ఆ రికార్డింగ్‌లో కాగితాల చప్పుడు ఎక్కువ, మాటలు తక్కువ. నా ఉద్దేశంలో మేం చేసిన వాటిలో అదే మంచి ఎపిసోడ్. విన్న ఊళ్లలో ఆడవాళ్లు కాగితాలు పట్టుకుని ఏఎన్‌ఎం అక్క ఇంటికి రావడం మొదలైంది. ఆపరేషన్‌కు తేదీ తీసుకున్న ఒకామె ముందు జిల్లా కేంద్రంలో ఇంకో డాక్టరుకు చూపించుకుంది. ఆమెకు మందులు రాశారు. అంతకుమించి ఇంత మందికి మేలు జరిగిందని లెక్క చెప్పలేను.

ఇక వాట్సాప్ మానేశాం. ఆరోగ్యం ఎపిసోడ్‌లు సంఘం మీటింగులో స్పీకర్ మీదే, తలుపులు మూసి. మెమరీ కార్డు తిరిగి మా సంచిలోకి. వినేవాళ్లు సగానికి తగ్గారు. తగ్గితే తగ్గనీ అనుకున్నాం. మాకు సాయం చేస్తున్న సంస్థవాళ్లకు ఇది నచ్చలేదు, 'రీచ్' పడిపోయిందన్నారు. ఆ మాట మీద చాలా వాదన జరిగింది, ఇక్కడ అనవసరం.

"ఇంటిపేరుతోని చెప్పుండ్రి"

అదే ఏడాది శీతాకాలం ముందు మునుగోడు ఉప ఎన్నిక వచ్చింది, నవంబర్ 3న పోలింగ్. ఎన్నికలంటే మందు ఎలా పారుతుందో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక ఊళ్లో ఆడవాళ్లు బెల్టు షాపు ముందు కూర్చున్నారు. ఊరందరితో తీర్మానం రాయించి, అమ్మితే జరిమానా అని గ్రామ పంచాయతీ గోడ మీద రాయించారు. మమ్మల్ని రికార్డు చేయమని పిలిచారు.

మేం జూన్ దెబ్బ తిని ఉన్నాం. పోయి మొదటి మాటే, గుంపుగా చెప్పండి, పేర్లు వద్దు, గొంతు మార్చే పద్ధతి ఉంది అని మొదలుపెట్టాను. ఒకామె నా మాట పూర్తికానివ్వలేదు. "మేం దాచుకుంటే దొంగలం మేమైతం. పేరు చెప్పుండ్రి. ఇంటిపేరుతోని చెప్పుండ్రి. మా అత్తగారి ఊరు, తల్లిగారి ఊరు రెండూ చెప్పుండ్రి." వరసగా లేచి పేర్లు చెప్పారు. కొందరు ఆధార్ కార్డులో ఉన్నట్టు తండ్రి పేరుతో సహా. ఆ ఎపిసోడ్‌లో మొదటి నాలుగు నిమిషాలు పేర్లే. మా పిల్ల విసుగొస్తుందేమో తగ్గిద్దామన్నది. తగ్గించలేదు. ఇది పంచాయతీ మైకులో వేయించారు వాళ్లు.

వాళ్లలో యాభై దాటినావిడ ఒకామె పాత సంగతులు తీసింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం ఇక్కడిదాకా పాకినప్పుడు తను కొత్త కోడలట. 1993 అక్టోబర్‌లో సారా బంద్ అయింది, 1995లో మొత్తం మద్యమే నిషేధించారు, 1997లో మళ్లీ తెరిచారు. "మొగోళ్లకు రెండేండ్లు సెలవిచ్చిన్రు" అన్నది. 1996 సంగతీ చెప్పింది. ఫ్లోరైడ్ నీళ్ల బాధ దేశానికి తెలియాలని జలసాధన సమితి పిలుపుతో నల్గొండ లోక్‌సభ సీటుకు జనం ఎగబడి నామినేషన్లు వేస్తే, చివరికి బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పేపర్ పుస్తకమైంది, ఎన్నిక వాయిదా పడింది. వాళ్లాయన కూడా నామినేషన్ వేద్దామనుకున్నాడట, డిపాజిట్‌కు పైసలు లేక ఆగిపోయాడు. "నన్నెయ్యమనలే ఎవ్వరు" అని కూడా అన్నది, మెల్లగా.

బెల్టు షాపు రెండు నెలలు మూతపడింది. తర్వాత అదే మనిషి ఇంకో సందులో, ఇంటి వెనక నుంచి అమ్మడం మొదలుపెట్టాడు. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ మూసేశాడు. నేను చివరిసారి పోయినప్పుడు తెరిచే ఉంది.

లైసెన్స్ తీసుకుని కమ్యూనిటీ రేడియో పెడదామనుకునేవాళ్లకు ఒక మాట. అక్కడ సొంతంగా వార్తలు చదవడానికి వీల్లేదు, ఆకాశవాణి వార్తల్ని ఉన్నదున్నట్టు వినిపించుకోవచ్చు. 'ఫలానా ఊళ్లో బెల్టు షాపు మూయించారు' అంటే వార్త. 'మేం ఎట్ల కూసున్నమో చెప్తం' అంటే అనుభవం. ఆడవాళ్లు ఎలాగూ రెండో తీరులోనే చెప్తారు కాబట్టి చిక్కు తక్కువే.

యుద్ధం

తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న మల్లు స్వరాజ్యం 2022 మార్చి 19న చనిపోయారు. ఆ వారం ఏ సంఘం మీటింగుకు పోయినా అదే మాట. ఆమె పాట విన్నవాళ్లు, ఎమ్మెల్యేగా ఉన్నప్పుడు చూసినవాళ్లు, అమ్మమ్మల నోట 1946-51 నాటి సంగతులు విన్నవాళ్లు. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధం టీవీల్లో మోగుతోంది. చండూరులో మిర్చి బజ్జీల బండి పెట్టుకున్న ఒకామె, పొద్దుతిరుగుడు నూనె అక్కడి నుంచి వస్తుందని ఆ నెలలోనే తెలుసుకుంది, ధర చూసి పామాయిల్‌కు మారింది. ఆ ముక్క బాగా వచ్చింది. చిన్నది.

పెద్దది ఒక అవ్వది. తొంభై దగ్గర పడిన మనిషి. ఆ పోరాటంలో దళాలకు వాళ్లమ్మ జొన్నరొట్టెలు చేసి పంపేది. తనే మోసుకుపోయేది, కట్టెలకు పోతున్నట్టు. 1948 సెప్టెంబర్‌లో నిజాం రాజ్యం పోయాక బాధలు పోతాయనుకున్నారు. మిలిటరీ వచ్చి రజాకార్ల బదులు, పోరాడిన కమ్యూనిస్టు సంఘం వాళ్లను వెతకడం మొదలుపెట్టింది. ఆ వెతుకులాట ఎలా ఉండేదంటే, పొయ్యి దగ్గరికొచ్చి బూడిద తీసి చూసేవాళ్లట. ఇంట్లో ఉన్న మందికి సరిపడా వంటా, ఎక్కువ వంటా అని బూడిదను బట్టి లెక్క. వాళ్లమ్మ రాత్రిళ్లు బూడిద తీసి దూరంగా చేన్లో పారబోసి వచ్చేది. తుపాకుల గురించి ఆమె దాదాపు ఏమీ చెప్పలేదు. మేం అడిగినా మళ్లీ బూడిద దగ్గరికే వచ్చింది.

ఏప్రిల్‌లో మూడు రోజులు రికార్డు చేశాం. మూడో రోజు తన చిన్నమ్మ గురించి చెప్పింది. దళంతో పోయిన మనిషి. అడవిలో కాన్పయింది, పసిబిడ్డతో తిరగలేక ఒక ఇంట్లో ఇచ్చి పోయింది. ఇలాంటివి జరిగాయన్నది కొత్త సంగతి కాదు. 1980ల్లో స్త్రీ శక్తి సంఘటన వాళ్లు పోరాటంలో ఉన్న ఆడవాళ్లను కలిసి సేకరించిన అనుభవాల్లో ఈ బాధ ఉంది. అవ్వ చెప్పినదాంట్లో కొత్తది, ఆ బిడ్డను ఎవరికిచ్చారో ఆమెకు తెలుసు. ఆ ఇంటిపేరు చెప్పింది. వాళ్ల మనవలు, మునిమనవలు పక్క మండలంలోనే ఉన్నారు. వాళ్లకు ఈ సంగతి తెలియదు.

జులైలో వేద్దామని పెట్టుకున్నాం. జూన్‌లో ఆ ఫోన్ వచ్చింది. అది రాకపోయి ఉంటే ఇంటిపేరు కోసేసి మిగతాది వేసేసేవాళ్లం, ఆ మండలంలో మిగతాది విన్నవాళ్లకు ఇంటిపేరు కష్టమేమీ కాదన్న ఆలోచన కూడా వచ్చేది కాదు.

మళ్లీ అవ్వ దగ్గరికి పోయాం. మొత్తం వినిపించాం, మంచం మీద పడుకుని కళ్లు మూసుకుని విన్నది. తన గొంతు తను వినడం మొదటిసారి, "నాకు గింత ముసలి గొంతున్నదా" అన్నది. వెయ్యమంటావా అవ్వా అంటే, "ఎయ్యిండ్రి, నేనేమన్న లంగతనం జేసిన్నా" అన్నది. ఆమెకు అభ్యంతరం లేదు. మనవరాలికి ఉంది. టీచరుగా పనిచేస్తోంది ఆ అమ్మాయి. వాకిట్లోకి తీసుకుపోయి గొంతు తగ్గించి మాట్లాడింది. "అవ్వ తన కథ చెప్పుకోవచ్చు మేడమ్, అది ఆమెది. చిన్నమ్మ కథ చిన్నమ్మది, ఆమె లేదు. ఆ పిల్లగాని కథ వాళ్లింట్లోవాళ్లది, వాళ్లకు తెల్వది కూడా తెల్వదు. మీరు ఎవర్ని అడిగి ఏస్తరు?"

నా దగ్గర జవాబు లేదు. చరిత్ర పోతుందని వాదించాను, నిజమే, అవ్వ పోతే ఆ బూడిద సంగతి చెప్పేవాళ్లు ఉండరు. ఆమె కాదనలేదు. బూడిద వేసుకోండి, బిడ్డ సంగతి ఆపండి అన్నది. అలాగే చేశాం. 2022 డిసెంబర్‌లో అవ్వ ఎపిసోడ్ రెండు ముక్కలుగా మీటింగుల్లో వినిపించాం, ఆమె పేరుతో, ఆమె ఊరితో. మూడో రోజు రికార్డింగ్ అందులో లేదు.

కార్యక్రమం 2023 మేలో ఆగిపోయింది, సాయం చేసే సంస్థ గడువు అయిపోయింది. ఎపిసోడ్‌లన్నీ ఒక హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. ఆ మూడో రోజుది మాత్రం దానిలో వేయలేదు. ఒక మెమరీ కార్డులో, చిన్న అగ్గిపెట్టెలో పెట్టి, పైన మా పిల్ల స్కెచ్ పెన్నుతో 'ఆపింది' అని రాసింది. ఎవరు ఆపింది, ఎప్పటిదాకా ఆపింది అని రాయలేదు. మనవరాలు రెండుసార్లు ఫోన్ చేసింది, వేరే పనుల మీద. అవ్వ బాగున్నదా అని అడిగాను, బాగున్నదని చెప్పింది. కార్డు గురించి ఇద్దరం ఎత్తలేదు.